నాచుమాత్రల పరీక్ష

సీసాపై “ప్రకృతిసిద్ధము” అని ముద్రించినంతనే అందలి వస్తువు నిర్దోషమని నమ్మువారు మనలో పెక్కండ్రు గలరు. పాము విషమును ప్రకృతిసిద్ధమే గదా! బలవర్ధకములని అమ్మబడు నాచుమాత్రల విషయమున ఈ భ్రమ తొలగుట అత్యవసరము.

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున ఎగువ క్లామత్ సరస్సు కలదు. అందు తనంతట పెరుగు అఫానిజోమెనాన్ అను నీలిహరిత నాచును తోడి, ఎండించి, మాత్రలు చేసి అమ్ముదురు. ఆ నీటియందే మైక్రోసిస్టిస్ అను మరియొక నాచును పుట్టుచుండును. కాలేయమును చెరచు మైక్రోసిస్టిన్ అను విషము దానియందు కలదు. 1996లో ఈ విషపునాచు సరస్సున విస్తరింపగా, మరుసటి యేట ఆ రాష్ట్రప్రభుత్వము గ్రాము పొడియందు ఒక మైక్రోగ్రామునకు మించి విషముండరాదని హద్దు విధించెను. 2000లో వెలువడిన పరిశోధన ప్రకారము, పరీక్షించిన 87 మచ్చులలో 85 యందు విషము కనబడెను. 63 మచ్చులు హద్దును దాటినవి.

ఆ హద్దయినను 60 కిలోల బరువుగల పెద్దవాడు దినమునకు రెండు గ్రాములు తినునను లెక్కపై ఏర్పడినది. కాని చదువున ఏకాగ్రత కుదురునని ఈ మాత్రలను పిల్లలకు పెట్టిన తల్లిదండ్రులును కలరు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1998లో సూచించిన దినప్రమాణము శరీరభారమున కిలోకు 0.04 మైక్రోగ్రాము, అనగా 15 కిలోల బిడ్డకు 0.6 మాత్రమే. హద్దున కచ్చితముగా లోబడిన పొడినే ఆ బిడ్డ రెండు గ్రాములు తినినచో మూడింతలకు మించిన విషము కడుపున బడును. హద్దు దాటిన సరకు మాట చెప్పనేల!

కాచినను ఈ విషము నశింపదు. సూక్ష్మదర్శినిలో నాచుజాతి తెలియునే గాని విషము పాలు తెలియదు. ఎలైసా మొదలగు రసాయనపరీక్షలతో కొలువవలసినదే. సరస్సు నేడున్నట్లు రేపుండదు. కావున ఏటికొక మచ్చు చాలదు, ప్రతి విడత సరకును పరీక్షింపవలయును. అమెరికాలో 1994 నాటి చట్టము ననుసరించి ఇట్టి మాత్రల అమ్మకమునకు ముందుగా ప్రభుత్వానుమతి అక్కరలేదు, భారమంతయు తయారుచేయువానిదే. లాభము పొందువానినే న్యాయనిర్ణేతగా నుంచుట మాకు సమ్మతము గాదు.

ఇది దూరదేశపు ముచ్చట యని మన మూరకుండరాదు. మన అంగళ్ళలో విరివిగా దొరకు స్పిరులినా వేరుజాతి. కట్టిన కొలనులలో క్షారజలమున పెంచబడునది గాన అపాయము తక్కువ. దానిని పెంచువారిని నిందించుట మా యుద్దేశము గాదు. అయినను మూతలేని కొలనున అన్యజాతులు చొరబడుట అసంభవము గాదు. విడత సంఖ్యతోపాటు విషపరీక్షా ఫలితమును సీసాపై ముద్రింపజేయవలెననియు, పిల్లలకు వేరు హద్దు నిర్ణయింపవలెననియు ఆహారభద్రతాధికారులను కోరుచున్నాము. అంతవరకు సరస్సునాచు మాత్రలను బిడ్డలకు పెట్టవలదని తల్లిదండ్రులకు మా మనవి.