తెరమీది జడ వేరు, తలమీది జడ వేరు!



ఈ వారం నా బల్లమీద పడ్డ ఉత్తరాల్లో సగానికి పైగా జుట్టు గొడవే! "అక్కయ్యా, నా జడ మోకాళ్ళదాకా పెరగాలంటే ఏం చెయ్యాలి?" అని ఒకమ్మాయి. "ఫలానా హీరోయిన్ ఏ నూనె రాసుకుంటుందో కనుక్కుని చెప్పరూ?" అని ఇంకొకమ్మాయి. "గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందా?" అని ఒక తమ్ముడు. ఇవన్నీ నవ్వుకుంటూనే చదివాను. భీమవరం నుంచి వచ్చిన ఉత్తరం చదివాక మాత్రం నవ్వు ఆగిపోయింది.

ఆ అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. ఆగస్టులో డెంగ్యూ జ్వరం వచ్చి తగ్గింది. నవంబరు వచ్చేసరికి దువ్వెన పెడితే చాలు, గుప్పెడు జుట్టు చేతికొచ్చేస్తోందట. "నాలుగు రకాల నూనెలు మార్చానక్కయ్యా. ఆఖరిది కొనడానికి అమ్మ పరీక్ష ఫీజుకని ఇచ్చిన డబ్బు వాడేశాను. పది రోజులనుంచి కాలేజీకి వెళ్ళటం లేదు. పాపిడి వెడల్పైపోయింది, అందరూ నా నెత్తినే చూస్తున్నట్టుంది. నాకు బట్టతల వచ్చేస్తుందా?" అని వ్రాసింది.

జ్వరం తర్వాత జుట్టు ఊడినంత మాత్రాన బట్టతల రాదమ్మా! ముందు ఆ మాట గట్టిగా చెప్పనియ్యి. ఎందుకు రాదో చెప్పేముందు మనందరికీ ఇష్టమైన సినిమా సంగతి ఒకటి చూద్దాం. ఈ దిగులంతా సగం అక్కడే పుడుతోంది కనుక.

టైటిల్స్‌లో ఒక కార్డు

హీరో పేరు పడగానే ఈల వేస్తారు. దర్శకుడి పేరు పడగానే సర్దుకుని కూర్చుంటారు. మధ్యలో "మేకప్", "కేశాలంకరణ" అని కార్డులు పడతాయే, అవి ఎప్పుడైనా చూశారా? ఎందుకు చూస్తారు, అప్పుడు మీరు పాప్‌కార్న్ పొట్లం విప్పే హడావిడిలో ఉంటారు! హీరోయిన్ జడ రహస్యమంతా ఆ కార్డులోనే ఉంది.

నలుపు-తెలుపు చిత్రాల రోజులనుంచీ వాలుజడలకి సవరాలు తోడు. పౌరాణికాల్లో రాణులకీ, మునులకీ, ఆఖరికి రాక్షసులకీ విగ్గులే. ఇప్పుడు సవరానికి "ఎక్స్‌టెన్షన్" అని కొత్త పేరు వచ్చింది, అంతే తేడా. పాటలో ఆ జుట్టు అలా అలా ఎగరాలంటే పక్కన పెద్ద ఫ్యాను, వెనకనుంచి మెరవడానికి ఒక లైటు, షాటుకీ షాటుకీ మధ్య దువ్వెన పట్టుకుని పరుగెత్తుకొచ్చే మనిషి. ఇవన్నీ పెట్టి తీస్తే క్లోజప్‌లో మీ జడ మాత్రం మెరిసిపోదూ?

ఇంకో తమాషా చెప్పనా? తిరుమల కల్యాణకట్టలో భక్తులు మొక్కుగా ఇచ్చిన తలనీలాల్ని దేవస్థానం వేలం వేస్తుంది. ఆ జుట్టు విగ్గులై, సవరాలై దేశదేశాలు తిరుగుతుంది. అంటే తెరమీద చూసి మీరు కుళ్ళుకున్న జడ ఏ పల్లెటూరి అమ్మాయి మొక్కో కావచ్చు. మీలాంటి అమ్మాయిదే!

జుట్టుకీ ఒక గడియారం

మన తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కొక్క వెంట్రుకా రెండేళ్ళనుంచి ఆరేళ్ళదాకా పెరుగుతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో పెరగడం మానేసి, ఓ మూడు నెలలు విశ్రాంతి తీసుకుని రాలిపోతుంది. అదే కుదురులోంచి కొత్తది మొలుస్తుంది. ఈ లెక్కన రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. దువ్వెనకి నాలుగు కనిపించగానే గుండె బాదుకోనక్కర్లేదు.

పెరిగే వేగం నెలకి సుమారు ఒక సెంటీమీటరు. లెక్క వెయ్యండి. ఏడాదికి 12. మీ వెంట్రుక అయిదేళ్ళు పెరిగే రకమైతే 60 సెంటీమీటర్లు, అంటే రెండడుగులు. మూడేళ్ళ రకమైతే 36 దగ్గరే ఆగిపోతుంది. ఇది అమ్మానాన్నలనుంచి వచ్చిన గడియారం. నెలరోజుల్లో జానెడు పెంచుతామని సీసామీద అచ్చువేసేవాళ్ళు ఆ గడియారాన్ని తిప్పలేరు. మీ పర్సుని మాత్రం బోర్లించగలరు!

గుండు అడిగిన తమ్ముడికీ ఇదే జవాబు. కుదురు చర్మం కింద ఉంటుంది, కత్తి చర్మం పైన నడుస్తుంది. తెగిన కొస మొద్దుగా ఉంటుంది కనుక కొత్తలో ఒత్తుగా అనిపిస్తుంది, అంతే. మొక్కు ఉంటే నిక్షేపంగా ఇవ్వు. ఒత్తు కోసమైతే వద్దు.

క్లైమాక్స్‌లో పోలీసులు

ఇప్పుడు భీమవరం చెల్లాయి దగ్గరికి వస్తాను. పెద్ద జ్వరం వచ్చినప్పుడు, ఇంకా పెరగవలసిన వెంట్రుకలు చాలా ఒక్కసారిగా విశ్రాంతిలోకి వెళ్ళిపోతాయి. కానీ అవి రాలేది రెండు మూడు నెలల తర్వాత. మనం జ్వరాన్ని మరిచిపోయాక జుట్టు గుర్తు చేస్తుందన్నమాట! టైఫాయిడ్ తర్వాతా, కాన్పు తర్వాతా, కడుపు మాడ్చుకుని డైటింగ్ చేసిన తర్వాతా ఇదే జరుగుతుంది. 2020లో కోవిడ్ వచ్చి తగ్గినవాళ్ళలో ఎంతమంది ఇలా కంగారు పడ్డారో! కుదుళ్ళు చచ్చిపోలేదు, నిద్రపోయాయి. మామూలుగా ఆరు నెలల్లో రాలడం తగ్గుతుంది, కొత్త వెంట్రుకలు పాపిడి పక్కన పొట్టిగా నిక్కపొడుచుకుని కనిపిస్తాయి. పాత ఒత్తు రావడానికి ఇంకొన్ని నెలలు పడుతుంది.

మరి నూనెలు? నాలుగో సీసా అయ్యేసరికి ఎటూ తనంతట తనే తగ్గేది. పేరు మాత్రం నాలుగో సీసాకి! సినిమాల్లో ఫైటింగంతా హీరో చేశాక, ఆఖర్న పోలీసులు జీపు దిగి విలన్‌ని పట్టుకుపోతారు చూడండి, అచ్చం అలాగన్నమాట.

అక్కయ్య సొంత కథ

నవ్వుతున్నానని అనుకోకండి. డిగ్రీ చదివే రోజుల్లో నాదీ ఇదే ఏడుపు. మా అమ్మ మందారాకు నూరింది, గుంటగలగరాకుతో నూనె కాచింది. బజారు సీసాలు కిటికీలో వరసకట్టాయి. మెట్లెక్కితే ఆయాసం, పాఠం మధ్యలో నిద్ర. అదంతా బద్ధకం అన్నారు ఇంట్లో. ఏడాది గడిచాక కాలేజీలో రక్తదాన శిబిరం పెడితే, స్నేహితురాళ్ళతోపాటు గొప్పగా వెళ్ళి చెయ్యి చాపాను. వేలు గుచ్చి చూసిన డాక్టరమ్మ, "నీ రక్తం నీకే చాలదు, ఇంకొకళ్ళకేం ఇస్తావు!" అని వెనక్కి పంపింది. ఆడవాళ్ళకి 12 ఉండాల్సిన హిమోగ్లోబిన్ నాకు 8! పాపం, జుట్టు ఏడాదిపాటు ఆ సంగతే చెబుతూ వచ్చింది. నేను దాని నోట్లో నూనె పోసి ఊరుకోబెట్టాను.

నాలాంటివాళ్ళు తక్కువేం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. అందుకే చెల్లాయిలకి నా మొదటి సలహా నూనె కాదు. ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి హిమోగ్లోబిన్ చూపించుకోండి. నెలసరి లెక్క తప్పినా, గడ్డంమీద వెంట్రుకలు వస్తున్నా, ఊరికే బరువు పెరుగుతున్నా ఆ సంగతి డాక్టరుకి సిగ్గుపడకుండా చెప్పండి. థైరాయిడ్, అండాశయాల ఇబ్బంది కూడా ముందుగా జుట్టులో బయటపడొచ్చు.

తిండి మాటేమిటంటారా? వెంట్రుక అంటేనే ప్రొటీను. పప్పు, గుడ్డు, పాలు, చేప, వేరుశనగ, మీ ఇంట్లో ఏది కుదిరితే అది రోజూ కంచంలో ఉండాలి. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకోండి, ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తినగానే టీ తాగే అలవాటుంటే గంటసేపు వాయిదా వెయ్యండి, టీ ఆ ఇనుముని ఒంటబట్టనివ్వదు. ఇక బయోటిన్ మాత్రలంటారా, ఆ లోపం ఉన్నవాళ్ళు చాలా అరుదు. పైగా అవి ఎక్కువ మోతాదులో మింగితే కొన్ని రక్తపరీక్షలు తప్పుగా చూపిస్తాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది. వాడుతుంటే డాక్టరుకి ముందే చెప్పండి.

పెంచడం కాదు, విరగనివ్వకపోవడం

"అయితే నూనె మానేయమంటారా?" అని మా అమ్మ వయసువాళ్ళు కర్ర పట్టుకుని వస్తారేమో! వద్దు, మానకండి. 2003లో మన దేశపు పరిశోధకులు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడూ పోల్చి చూశారు. తలంటుకి ముందు రాసినా, తర్వాత రాసినా వెంట్రుకలోని ప్రొటీను పోకుండా కాపాడింది కొబ్బరినూనె ఒక్కటేనట. ఆ పరిశోధకులు నూనె కంపెనీవాళ్ళేననుకోండి, అయినా వాళ్ళు కూడా పెరుగుతుందని అనలేదు! కొబ్బరినూనె జుట్టుని పెంచదు, విరక్కుండా చూస్తుంది. విరగకపోతే ఉన్న పొడుగు నిలుస్తుంది. అదీ దాని గొప్ప.

తడిజుట్టు బలహీనంగా ఉంటుంది. తువ్వాలుతో బాదకండి, అద్దండి. కాస్త ఆరాక, వెడల్పు పళ్ళ దువ్వెనతో కొసలనుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తియ్యండి. కణతలు లాగేలా బిగించి జడ వేస్తే, బరువైన సవరం రోజూ వేలాడేస్తే, నుదుటి దగ్గర కుదుళ్ళు దెబ్బతింటాయి. ఏళ్ళ తరబడి అలాగే చేస్తే తిరిగి మొలవవు కూడా. ఇస్త్రీపెట్టెలాంటి యంత్రంతో జుట్టు సాఫు చెయ్యడం పెళ్ళికో పేరంటానికో సరే, రోజూ కాలేజీకి వద్దు. చుండ్రు ఉంటే రాత్రంతా నూనె నానబెట్టకండి, చుండ్రుకి కారణమయ్యే సూక్ష్మజీవికి అది విందుభోజనం. దానికి మందుల షాపులో కీటోకొనజోల్ షాంపూ దొరుకుతుంది.

తలలో ఎక్కడైనా రూపాయి బిళ్ళంత గుండ్రంగా ఊడితే పేనుకొరుకుడు అంటారు. పేలకీ దానికీ ఏం సంబంధం లేదు. ఒంట్లో రోగాలతో పోరాడే శక్తి పొరపాటున కుదుళ్ళమీద పడడం వల్ల వచ్చేది. ఉల్లిపాయ రుద్దుతూ కూర్చోకుండా చర్మవ్యాధుల డాక్టరుని కలవండి.

కరీంనగర్ తమ్ముడికి

"నాకు ఇరవై రెండేళ్ళు. నుదురు వెనక్కి పోతోంది. మా నాన్నదీ బట్టతలే. నన్నెవరు చేసుకుంటారక్కయ్యా?" అని వ్రాశావు. ఒకప్పుడు కుర్రాళ్ళంతా శోభన్ బాబులాగా నుదుటిమీద రింగు తిప్పుకోవాలని అద్దం ముందు గంటలు నిలబడేవారు. రింగు తిరగనివాడికి అప్పుడూ నీలాంటి దిగులే! నీది వంశం నుంచి వచ్చింది, జ్వరంలా తనంతట తగ్గదు. కాని మందు ఉంది. మినాక్సిడిల్ అసలు రక్తపోటు మాత్ర. అది మింగిన రోగులకి ఒంటిమీద వెంట్రుకలు రావడం చూసి దాన్ని తలకి రాసే మందుగా మార్చారు, 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. మొదట్లో కాస్త ఎక్కువ రాలుతుంది. నాలుగు నుంచి ఆరు నెలలు ఓపిక పట్టాలి, మానేస్తే వచ్చిందీ పోతుంది. డాక్టరుని అడిగి, తొందరగా మొదలుపెడితేనే లాభం.

అది వద్దనుకుంటే అలాగే ఉండు! రజనీకాంత్ తెరమీద విగ్గుతో సిగరెట్టు ఎగరేస్తాడు, బయట పలచబడ్డ జుట్టుతోనే సభల్లో నవ్వుతూ కూర్చుంటాడు. ఈలలు తగ్గాయా? 2021లో వచ్చిన 'నూటొక్క జిల్లాల అందగాడు' చూశావా? అవసరాల శ్రీనివాస్ అందులో బట్టతలని విగ్గుకింద దాచుకుని నానా అవస్థలూ పడతాడు. చూసి నవ్వుకో, సగం భారం దిగుతుంది.

భీమవరం చెల్లాయీ, నీకు ఆఖరి మాట. రేపు పొద్దున్నే కాలేజీకి వెళ్ళు. అందరూ నీ నెత్తిని చూడరు, ఎవరి అద్దం గొడవ వాళ్ళది. సాయంత్రం అమ్మకి ఫీజు సంగతి నిజం చెప్పు. తిడుతుంది. తిట్టాక ఎలాగో కడుతుంది. ఆమెని వెంటబెట్టుకుని రక్తపరీక్షకి వెళ్ళు, కుదిరితే ఆమెకీ చేయించు. నీ హిమోగ్లోబిన్ ఎంతో నాకు ఉత్తరం వ్రాయాలి సుమా! జడ పొడుగు వ్రాయకపోయినా ఫరవాలేదు.

వచ్చే వారం మొటిమల సంగతి. అందాకా సెలవు.

మీ అక్కయ్య