ర్యాంకుతో పని తీరదు

ఇంటర్మీడియట్ పరీక్షలు ముగియటం తడవుగా మన జిల్లా పల్లెల పిల్లలు ఎందరో పెట్టె, పరుపు సర్దుకుని హైదరాబాదు నారాయణగూడకు చేరటం ఏటా జరిగేదే. ఎప్‌సెట్ శిక్షణ కోసం తండ్రులు అప్పు చేసి మరీ పంపుతున్నారు. అక్కడికి నడిచి వెళ్ళేంత దూరంలోనే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం, అశోక్‌నగర్ వీధులు ఉన్నాయి. గ్రూప్స్, కానిస్టేబుల్ పరీక్షల పుస్తకాలు ముందేసుకుని అక్కడ పొద్దుపోయే దాకా కూర్చునే యువకులలో ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్న వారూ ఉన్నారు. ర్యాంకు కోసం నారాయణగూడలో, ఉద్యోగం కోసం అశోక్‌నగర్‌లో ఒకే తండ్రి రెండుసార్లు గది అద్దె కట్టవలసి వస్తోంది. సర్కారు కొలువు కోరటం తప్పు కాదు. నాలుగేళ్ళ చదువు ఏ పనీ నేర్పక, గత్యంతరం లేక అక్కడికి చేరటమే శోచనీయం.

ర్యాంకు కోసం రెండేళ్ళు శ్రమించే కుటుంబం కళాశాలను ఎంచుకోవటానికి రెండు రోజులైనా వెచ్చించటం లేదు. నెట్ సెంటరులో ఎవరో చెప్పిన పేర్లు నొక్కి వచ్చేస్తున్నారు. మన ర్యాంకుకు అందే సీట్లలో మన జాబితాలో ముందున్నదే దక్కుతుంది గనుక, ఆప్షన్ల వరుసే కీలకం. కిందటేడు ఏ కళాశాలలో ఏ కోర్సు ఏ ర్యాంకు దాకా వచ్చిందో కౌన్సెలింగ్ వెబ్‌సైటులోనే చూడవచ్చు.

ముందుగా ప్రభుత్వ విద్యాసంస్థలను చూసుకోవాలి. 1929లో వెలసిన ఉస్మానియా ఇంజనీరింగు కళాశాల, కూకట్‌పల్లి జేఎన్‌టీయూ అందరికీ తెలిసినవే. జగిత్యాల, మంథని, సుల్తాన్‌పూర్‌లలోనూ జేఎన్‌టీయూ కళాశాలలున్న సంగతి పల్లెల్లో చాలామందికి తెలియదు. వరంగల్ ఎన్‌ఐటీలో సగం సీట్లు రాష్ట్ర విద్యార్థులవే. దానికి జేఈఈ మెయిన్ రాయాలి. బాసరలో 2008లో నెలకొల్పిన ట్రిపుల్ ఐటీకి పదో తరగతి మార్కులే ఆధారం. పాలిటెక్నిక్ చదివినవారు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు.

ప్రైవేటు కళాశాల అయితే ఒకసారి స్వయంగా వెళ్ళి చూడటం మంచిది. ప్రయోగశాలల్లో పరికరాలు పనిచేస్తున్నాయా, పాఠం చెప్పేవారు నిలకడగా ఉంటున్నారా అన్నది అక్కడ చదివే పిల్లలే చెబుతారు. ఎన్‌బీఏ గుర్తింపు కోర్సుకు ఇస్తారే గాని, మొత్తం కళాశాలకు కాదు. ఒక కోర్సుకు వచ్చిన గుర్తింపును చూపి మరో కోర్సులో చేర్చుకుంటే మోసపోరాదు. అందరూ కంప్యూటర్ సైన్సే కోరుతున్నారని పలు కళాశాలలు సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించి ఆ సీట్లు పెంచుకున్నాయి. సీట్లు పెరిగినంత మాత్రాన బోధన పెరగదు.

యాజమాన్య కోటా సీటు ఇప్పిస్తామంటూ తిరిగే దళారుల మాట నమ్మరాదు. ఆ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంటు వర్తించదు. కన్వీనర్ కోటాలో చేరినా అందరికీ పూర్తి ఫీజు రాదు. మిగతాది ఏటా మనమే కట్టాలన్న లెక్క ముందే వేసుకోవాలి.

ప్రభుత్వం కూడా చేతులు ముడుచుకుని కూర్చోరాదు. కౌన్సెలింగుకు ముందు ప్రతి మండలంలో జూనియర్ కళాశాల అధ్యాపకుల చేత ఒక సభ జరిపించి, ఆప్షన్ల సంగతి తల్లిదండ్రులకు విడమరచి చెప్పించాలి. ఇందుకు అయ్యే ఖర్చు స్వల్పం. విత్తనాన్ని పదిసార్లు పరీక్షించి గాని కొనని రైతు, బిడ్డ చదువు విషయంలో అంతకు తక్కువ జాగ్రత్త పడటం తగదు.