సౌర కౌలు: తొలగింపు ఖర్చు ఎవరిది?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో భూములున్న వర్తకులు సౌర విద్యుత్ కేంద్రానికి కౌలుకు ఇచ్చే ముందు చివరి లెక్క కూడా చూసుకోవలసి వున్నది. 2019లో మొదలైన పి.ఎం. కుసుమ్ పథకంలో కరెంటు కొనుగోలు ఒప్పందం 25 ఏళ్లు. మెగావాటుకు 4, 5 ఎకరాలు పడుతుంది. గడువు తీరాక పలకలు, ఇనుప చట్రాలు, కాంక్రీటు దిమ్మెలు, నేలలోని కేబుళ్లు ఎవరు తీయాలి?

తుక్కు ధరే ఖర్చుకు సరిపోతుందనుకోవడం పొరపాటు. అల్యూమినియం, రాగికి గిరాకీ వుంటుంది. కాని పలక బరువులో దాదాపు ముప్పాతిక వంతు అద్దమే; దానికి పెద్దగా ధర పలకదు. 2023 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన ఇ-వ్యర్థాల నిబంధనలు పాత పలకల విషయంలో తయారీదారులపై బాధ్యత పెట్టినవి. పొలం బాగుచేత మాత్రం కౌలు పత్రంలో రాసుకోవలసిన సంగతే.

పసుపు, వరి పండిన నేల మళ్లీ సాగుకు రావాలంటే దిమ్మెలు పెకలించి, గోతులు పూడ్చి, పైమన్ను పరచాలి. కనుక తొలగింపు గడువు, బాగుచేత, అందుకు బ్యాంకు గ్యారంటీ పత్రంలో వుండాలి. అయిదేళ్లకొకసారి గ్యారంటీ మొత్తాన్ని సవరించాలి. కంపెనీ చేతులు మారితే బాధ్యతా మారాలి. అప్పగింత షరతు లేని సౌదా ఏ వర్తకుడూ చేయడు. భూమి విషయంలోనూ అదే పద్ధతి.