మన బాణం కాడ ఎవరు ఎంచుతున్నారు?



ఆగస్టు 9 ర్యాలీలో మీరూ విల్లు ఎక్కుపెట్టి ఫొటో దిగే ఉంటారు. నేనూ దిగాను, స్టేటస్ పెట్టాను. మా ఊరి పిల్లాడొకడు అది చూసి, "అన్నా, ఆ బాణం కాడ దేంతో చేశారు?" అని అడిగాడు. వెదురు అన్నాను. "ఏ వెదురు? ఎప్పుడు కొట్టారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. చిన్నప్పటి నుంచి బాణం వేసినోణ్ణే గానీ, చేసినోణ్ణి కాదు. జెండా మీద విల్లు, విగ్రహం చేతిలో విల్లు, టీషర్టు మీద విల్లు. బాణం కాడ ఎలా ఎంచాలో మాత్రం మనలో ఎంతమందికి తెలుసు? మీరే ఆలోచించండి.

నాకు తగిలిన దెబ్బ చెప్తాను. డిగ్రీ రెండో ఏడాదిలో ఒక ఆర్చరీ సెలెక్షన్‌కి వెళ్లాను. తాత ఆరు బాణాలు కట్ట కట్టి ఇచ్చాడు. అక్కడ రికర్వ్ విల్లు చేతికిచ్చారు. రికర్వ్ అంటే రెండు చివర్లూ ముందుకు వంపు తిరిగి ఉండే విల్లు, ఒలింపిక్స్‌లో వాడేది ఇదే. దాని బలం 36 పౌండ్లు. తాత బాణం పెట్టి వదిలితే కుడికి పోయింది. రెండోదీ కుడికే. మూడోది నారి గాడి దగ్గర ఫట్‌మని చీలింది. "అడవి బాణాలు అడవికే పనికొస్తాయి" అని ఒకాయన నవ్వాడు. అందరూ నవ్వారు. మిగిలిన మూడు బాణాలు బస్టాండులో బెంచీ కింద వదిలేసి వచ్చేశాను. ఈ సంగతి తాతకి ఇప్పటిదాకా చెప్పలేదు.

రెండేళ్ల తర్వాత ఒక సీనియర్ దగ్గర పాత కార్బన్ బాణాలు కొని ఊరికి తెచ్చాను. తాతకి గొప్పగా చూపించాను. తాత తన విల్లుకి పెట్టి వేశాడు. ఎడమకి పోయింది. మళ్లీ వేశాడు, మళ్లీ ఎడమకే. బాణాన్ని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా వంచి చూసి, "పుల్ల మంచిదేరా. నా విల్లు మాట వినదు" అన్నాడు.

ఆ ఒక్క మాటలో ఉన్నది అర్థం కావడానికి నాకు చాలా పుస్తకాలు పట్టాయి. నారి వదలగానే బాణం తిన్నగా పోదు. వెనక నుంచి ఒక్కసారిగా తోసేసరికి కాడ విల్లులా వంగుతుంది, విల్లు పక్క నుంచి ఒంపు తిరిగి, తర్వాత తిన్నబడుతుంది. దీన్ని ఆర్చర్స్ పారడాక్స్ అంటారు. కాడ ఎంత వంగుతుందో ఆ కొలతని స్పైన్ అంటారు. కార్బన్ కాడని 28 అంగుళాల దూరంలో రెండు ఆధారాల మీద పెట్టి, మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తారు. అర అంగుళం కిందికి వంగితే అది 500 స్పైన్. అంకె పెరిగితే మెత్తన, తగ్గితే గట్టి.

కుడిచేతి వాటం వాళ్లకి కాడ మరీ మెత్తనైతే బాణం కుడికి పోతుంది, మరీ గట్టిదైతే ఎడమకి పోతుంది. రికర్వ్ విల్లు మధ్యలో బాణానికి చోటు తొలిచి ఉంటుంది, కాబట్టి గట్టి కాడయినా తిన్నగా వెళ్తుంది. మన వెదురు విల్లుకి ఆ తొలుపు లేదు. బాణం విల్లు మందమంతా చుట్టి రావాలి, అందుకే కాస్త మెత్తటి కాడ కావాలి. అంటే ఆ రోజు తాత బాణంలో తప్పు లేదు, నా కార్బన్ బాణంలోనూ తప్పు లేదు. ఒక విల్లుకి చేసిన కాడని ఇంకో విల్లుకి పెట్టాను. నవ్వినాయనకీ ఇది తెలియదు, నాకూ తెలియదు. తాతకి తెలుసు. చేతులతో వంచి చూసి చెప్పేశాడు.

తమ్ముళ్లకి ఒక హెచ్చరిక. ఊరి విల్లుకి చేసిన బాణాన్ని బలమైన రికర్వ్‌లో పెట్టి సరదాకి కూడా వేయకండి. కాడ విరిగితే ఆ ముక్క మీ చేతిలోనే దిగుతుంది. కార్బన్ అయినా అంతే. వేసే ముందు ప్రతిసారీ కాస్త వంచి, చెవి దగ్గర పెట్టుకుని వినండి. చిటపటమంటే పక్కన పడేయండి.

ఇక ఏ కాడ మంచిది? యూట్యూబ్‌లో అమెరికా వేటగాళ్లు దీని మీద గంటలు గంటలు వాదించుకుంటారు. వాళ్లకి అక్కడ లైసెన్సు ఇస్తారు, రికర్వ్‌తో జింకని వేటాడతారు. కార్బన్ తేలిక, వానకి ఉబ్బదు, ఉంటే తిన్నగా ఉంటుంది లేదా విరుగుతుంది. అల్యూమినియం కొలత పక్కాగా ఉంటుంది, కానీ రాయికి తగిలితే వంగిపోతుంది. దేవదారు లాంటి కర్ర కాడ బరువుగా, చప్పుడు లేకుండా పోతుంది, కానీ ఒక్కోటి ఒక్కో బరువు, ఏరుకోవాలి. వేట బాణానికి విల్లు బలంలో పౌండుకి 8 నుంచి 10 గ్రెయిన్ల బరువు ఉండాలని వాళ్లలో చాలామంది లెక్క. 40 పౌండ్ల విల్లుకి సుమారు 21 నుంచి 26 గ్రాములు. బరువున్న బాణం లోతుగా దిగుతుంది, జంతువు దెబ్బతో పారిపోయి ఎక్కడో నరకపడి చావదు. మా తాత గ్రెయిన్లు ఎరగడు. "దెబ్బ తగిలి తప్పించుకున్న జంతువు ఉసురు ఊరికి తగులుతుంది" అంటాడు. లెక్క ఒకటే.

తాత కాడ ఎంచే పద్ధతి వినండి. ఆ ఏడు మొలిచిన వెదురు ముట్టుకోడు, మూడేళ్లన్నా ముదరాలి. వానలు పోయి చలి పడ్డాక, వెన్నెల తగ్గే రోజుల్లో కొడతాడు. వెన్నెల సంగతి నేను తేల్చలేను గానీ, చలికాలంలో వెదురులో పిండి పదార్థం తక్కువగా ఉంటుందని, పిండి తక్కువైతే పురుగు తక్కువ పడుతుందని పుస్తకాలూ చెప్తున్నాయి. కొట్టినవి పొయ్యి మీది అటక మీద పొగలో నెలల తరబడి ఆరతాయి. తర్వాత నిప్పుల సెగ చూపిస్తూ, ఒక కన్ను మూసి చూస్తూ వంకలు తీస్తాడు. లావు వైపు ములికి, సన్న వైపు నారి. బరువు ముందుంటే బాణం తిన్నగా నడుస్తుంది. నారి గాడి కణుపు దగ్గరే కోస్తాడు, చీలకుండా. ఇదంతా ఏ కాలేజీలో చెప్తారు? మా ఊళ్లో ఇది చేయగలిగినోళ్లు ఇద్దరే మిగిలారు. తాత చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి.

వేట సంగతి దాచుకోకుండా మాట్లాడుకుందాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. 2006 అటవీ హక్కుల చట్టం మన సంప్రదాయ హక్కులు రాసిన చోటే వేటని మినహాయించింది. భూమి పండుగకి మగాళ్లు విల్లంబులతో అడవికి పోవడం మన పెద్దల నాటి ఆచారం. ఆ ఆచారం మీద మనల్ని అడిగి చట్టం చేయలేదు, అది నిజం. కానీ వేట వీడియో పెట్టి ఒక తమ్ముడు కేసులో ఇరుక్కుంటే కోర్టు చుట్టూ తిరిగేది వాళ్లమ్మే. ఏ జంతువునీ కొట్టమని నేను చెప్పను. మా ఊళ్లో పండుగకి గడ్డితో గురి కట్టి బాణాలు వేస్తున్నాం. ముసలోళ్లు మొదట మూతి ముడిచారు, ఇప్పుడు పందెం కడుతున్నారు.

వేట వద్దన్న చట్టం వెదురు వద్దనలేదు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. 1927 భారత అటవీ చట్టం వెదురుని చెట్టు కింద జమకట్టింది. చెట్టు అంటే అటవీశాఖ సొత్తు. పేపరు మిల్లులకి లారీల కొద్దీ వెదురు పోయింది, మనం నాలుగు కాడలు కొడితే దొంగలమయ్యాం. 2017 సవరణ అడవి బయట పెరిగే వెదురుకే వర్తిస్తుంది. కానీ 2006 చట్టం వెదురుని పేరు పెట్టి చిన్నతరహా అటవీ ఉత్పత్తి అంది, సేకరించుకునే, అమ్ముకునే హక్కు మనకి ఇచ్చింది. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖ అని ఒక గోండు ఊరుంది. దాదాపు 1,800 హెక్టార్ల మీద సామూహిక హక్కు సాధించి, 2011లో వెదురు రవాణా పాసులు గ్రామసభే ఇచ్చుకునే అధికారం తెచ్చుకుంది. మన ఊళ్లో సామూహిక హక్కు పత్రం ఉందా? ఉంటే అందులో వెదురు పొద రాసి ఉందా? వెళ్లి చూడండి. లేకపోతే గ్రామసభలో దరఖాస్తు పెట్టండి.

కార్బన్ వద్దని నేను అనడం లేదు. రాజస్థాన్ ఉదయపూర్ జిల్లా ఆదివాసీ లింబారామ్ వెదురు విల్లుతో మొదలుపెట్టాడు. 1992లో బీజింగ్ ఆసియా పోటీల్లో 30 మీటర్ల దూరంలో 360కి 358 కొట్టి ప్రపంచ రికార్డు సమం చేశాడు. చేతికి మంచి విల్లు, సరైన కాడ వచ్చాక కదా అది జరిగింది. పోటీకి పోయే మన పిల్లలకి కార్బన్ బాణాలు ప్రభుత్వమే ఇవ్వాలి. డజను బాణాల కోసం ఇంట్లో మేకని అమ్ముకునే పరిస్థితి రాకూడదు. అలాగే ఆశ్రమ పాఠశాలల్లో మొదటి పాఠం వెదురు విల్లుతో మొదలవ్వాలి. నేర్పేది మన ముసలోళ్లు, వాళ్లకి జీతం ఇచ్చి నేర్పించుకోవాలి. దేశంలో ఇండియన్ రౌండ్ అని వెదురు విల్లుతోనే పోటీలున్నాయి. దానికి మన పిల్లలకన్నా ముందు ఎవరుండాలి?

ఏ విల్లుకి ఏ కాడో తెలిసినవాడు వెదురైనా కార్బన్ అయినా తానే ఎంచుకుంటాడు. తెలియనివాడికి ఇంకొకడు ఎంచి ఇస్తాడు, పైగా నవ్వుతాడు.

ఈ చలికాలం మీ ఊళ్లో బాణం చేయగల పెద్దమనిషి దగ్గర కూర్చోండి. ఫోన్లో వీడియో తీయండి, మీ చేత్తో ఒక్క కాడైనా వంక తీయండి. వచ్చే ఆగస్టు 9కి మీరే చేసిన బాణంతో రండి.

నేనూ చేస్తాను. దానికంటే ముందు తాతకి ఆ బస్టాండు సంగతి చెప్పాలి.

జై ఆదివాసీ.