పెదనాన్న కూలగొట్టమన్న జపాన్ కోట

"సినిమా పేజీలో ప్లాస్టిక్ ఇటుకల గోలేమిటయ్యా?" అని మీరు అడగబోతున్నారని నాకు తెలుసు. కాస్త ఓపిక పట్టండి. ఈ వారం కథలో కోట ఉంది, మంటలున్నాయి, రాక్షసుడున్నాడు, ఒక పాతకాలపు సెట్టింగుల మనిషి ఉన్నాడు, నన్ను ఎదిరించి గెలిచిన పన్నెండేళ్ళ హీరో ఉన్నాడు. హీరోయిన్ మాత్రం లేదు. మన్నించాలి!

హీరో మా మేనల్లుడు. సెట్టింగుల మనిషి మా పెదనాన్న. మద్రాసు స్టూడియోల్లో కళాదర్శకుల దగ్గర అసిస్టెంటుగా ముప్ఫై ఏళ్ళు పనిచేశారు. చెక్క, ప్లాస్టరు, అట్ట, థర్మాకోల్... ఏది చేతికిస్తే దానితో కోట కట్టేవారు, రైలు చేసేవారు, ఊరు ఊరంతా బల్లమీద నిలబెట్టేవారు. కంప్యూటర్ గ్రాఫిక్స్ వచ్చాక పని తగ్గి తెనాలి వచ్చేశారు. రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి కుడిచేయి మాట వినడం మానేసింది. "వేళ్ళకు ఏదో ఒక పని చెబుతూ ఉండండి" అన్నాడు డాక్టరు. బంతి ఇస్తే విసిరికొట్టారు. "నేనేమన్నా చంటిపిల్లాణ్ణా?" అని.

అప్పుడు కొన్నాను ఆ డబ్బా. ఖరీదు చెప్పను. ఎడిటర్ గారు చదివితే నాకిచ్చే పారితోషికం ఎక్కువైపోయిందనుకుంటారు! లెగో కంపెనీ 2023లో విడుదల చేసిన హిమేజీ కోట. 2,125 ముక్కలు.

హిమేజీ అంటే మీకు కొత్త కావచ్చు గానీ మీ కళ్ళకు కొత్త కాకపోవచ్చు. 1967లో వచ్చిన జేమ్స్ బాండ్ చిత్రం 'యూ ఓన్లీ లివ్ ట్వైస్' లో నింజాలు కర్రసాము చేసే కోట అదే. కురొసావా 'కగెముషా' (1980) లోనూ, 'రాన్' (1985) లోనూ అదే. 1609లో పూర్తయిన తెల్లని కోట. ఎగరబోతున్న కొంగలా ఉంటుందని 'తెల్ల కొంగ కోట' అని ముద్దుపేరు. బయటినుంచి చూస్తే అయిదంతస్తులు, లోపలికెళ్తే ఆరంతస్తులు, అడుగున నేలమాళిగ. శత్రువును తికమక పెట్టడానికే ఆ కోట దారులన్నీ మెలికలు తిప్పారు. మా పెదనాన్న మాటల్లో చెప్పాలంటే "మంచి స్క్రీన్ ప్లే!"

మొదటి ఆదివారం ఆయన ముక్కలు ముట్టుకోలేదు. పుస్తకం తిరగేసి, "ఇందులో మేస్త్రి పనేముంది? వంటపుస్తకం చూసి పులిహోర కలిపినట్టుంది" అని పక్కన పడేశారు. మేనల్లుడు నేలమీద కూర్చుని నంబర్ల ప్రకారం బిగిస్తున్నాడు. కాసేపటికి మంచంమీద నుంచే, "ఆ గోడ నిటారుగా పెట్టకురా. జపాన్ వాళ్ళ రాతిగోడ కింద వాలుగా మొదలై పైకి పోయేకొద్దీ నిలువవుతుంది. విసనకర్ర అంచు చూళ్ళేదూ?" అన్నారు. వాడు పుస్తకం చూశాడు. నిజంగానే అలాగే ఉంది! ఎప్పుడూ జపాన్ వెళ్ళని మనిషికి ఎలా తెలుసంటే, కురొసావా సినిమాలు మద్రాసు ఫిల్మ్ సొసైటీల్లో గోడలకోసమే చూశారట. కథ తర్వాత ఎవరినైనా అడిగి తెలుసుకునేవారట!

రెండో ఆదివారం కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఎడమచేత్తో ముక్క పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో నొక్కేవారు. గోరంత ముక్క. పడిపోయేది. మళ్ళీ తీసేవారు. మేము సాయం చేయబోతే ఉరిమి చూసేవారు. ఒక్క పైకప్పు వరుసకు గంటన్నర పట్టింది. ఆ కిటికీల మీద త్రికోణపు కప్పులున్నాయి చూశారూ, అవి బిగించిన రోజు మాత్రం ఆయనే కాఫీ అడిగి తాగారు.

ఆ గోడల తెలుపు గురించి చెప్పాను. సున్నంలో సముద్రపు నాచుతో చేసిన జిగురు, జనపనార లాంటి పీచు కలిపి పూస్తారట జపాన్ వాళ్ళు. "మనవాళ్ళు బెల్లం, కరక్కాయ కలిపేవారు. ఎక్కడైనా మేస్త్రి వంటింట్లో దూరక తప్పదు" అన్నారు పెదనాన్న.

ఇక రాక్షసుడి సంగతి. 1954లో తోహో కంపెనీ నుంచి రెండు మహాచిత్రాలు వచ్చాయి. ఒకటి 'సెవెన్ సమురాయ్', రెండోది 'గాడ్జిల్లా'. రెండోదానికి ట్రిక్కులు చేసినాయన ఎయిజి సుబురాయా. 'కింగ్ కాంగ్' (1933) చూసి మనసు పారేసుకున్న మనిషి. అలాగే ఒక్కొక్క ఫ్రేమూ బొమ్మను కదిలిస్తూ తీద్దామనుకుంటే టైము చాల్లేదు. రబ్బరు తొడుగులో మనిషిని దూర్చి, టోక్యో నగరాన్నే ఇరవై అయిదో వంతుకు కుదించి కట్టేశారు. గింజా గడియార స్తంభంతో సహా! కట్టింది కూలడానికే. సరిగ్గా కూలేట్టు కట్టడమే అక్కడ విద్య. 'రాన్' లో అయితే ఫ్యూజీ కొండ వాలులో కోటే కట్టి, నిజంగా తగలబెట్టారు. మంటల్లోంచి నకదాయ్ మెట్లు దిగివచ్చే ఆ షాటుకు రెండో టేకు లేదు. ఉంటే మళ్ళీ కోట కట్టాలి మరి!

ఈ కథ చెప్పినప్పుడు పెదనాన్న నవ్వి ఊరుకుంటారనుకున్నాను. నవ్వలేదు. "మావీ అంతేరా. షూటింగ్ అవగానే సుత్తి. ముప్ఫై ఏళ్ళలో నేను చేసింది ఒక్కటీ మిగల్లేదు" అన్నారు.

నాలుగో ఆదివారం కోట పూర్తయింది. నేను వెంటనే అద్దాల పెట్టెకు కొలతలు తీసుకున్నాను. ఎందుకో మీకు వేరే చెప్పాలా? ఆ చేత్తో ఆయన కట్టినదొక్కటైనా ఇంట్లో మిగలాలని.

అక్కడే వచ్చింది క్లైమాక్సు. "దీన్ని ఊడదీసి ద్వారక కడదాం మామయ్యా" అన్నాడు మేనల్లుడు!

తప్పు పెదనాన్నదే. 'మాయాబజార్' (1957) లో దీపాలు వెలిగే ద్వారకా నగరం చూశారుగా? అది యాభై అడుగులకు అరవై అడుగుల స్థలంలో, దాదాపు 300 బొమ్మ ఇళ్ళతో కట్టింది. గోఖలే, కళాధర్ గార్ల హయాం. ఆ ఇళ్ళలో రెండు ఒకే తీరున ఉండవని ఈయన వాడికి నెలరోజులుగా నూరిపోస్తున్నారు.

"నోరు మూసుకో. ఇది తాతగారు కట్టింది" అన్నాను.

"అందుకే కదా, ఎలా కట్టాలో తాతకు తెలుసు. మళ్ళీ కడతారు" అన్నాడు వాడు. పుస్తకంలో లేనిది కట్టడమే అసలు ఆటని వాడి వాదన. రెండు వరుసల్లో ఎనిమిది బొడిపెలుండే మామూలు లెగో ఇటుకలు, ఒకే రంగువి ఆరు ఇస్తే 91,51,03,765 రకాలుగా కలపొచ్చని లెక్కకూడా అప్పజెప్పాడు. జుంపెయ్ మిత్సుయి అనే జపాన్ కళాకారుడు హొకుసాయ్ గారి పెద్ద అలను 50,000 ముక్కలతో, 400 గంటలు కూర్చుని కట్టాడని, దానికి ఏ పుస్తకమూ లేదని, అలల మీద శాస్త్రవేత్తలు రాసిన వ్యాసాలు చదివి కట్టాడని సాక్ష్యం తెచ్చాడు. నేనిచ్చిన పత్రిక కత్తిరింపే అది. నా ఆయుధంతో నన్నే పొడిచాడు!

నేను పెదనాన్న వంక చూశాను. ఆయన కోటను చూస్తున్నారు.

"అసలు కోటను ఎప్పుడైనా విప్పారా?" అని అడిగారు.

విప్పారు. 1945లో బాంబులు పడి ఊరంతా కాలిపోయినా కోట నిలిచింది. పై అంతస్తులో పడిన బాంబు పేలలేదు. ఆ తర్వాత, 1956 నుంచి 1964 దాకా జరిగిన మరమ్మతులో ప్రధాన సౌధాన్ని మొత్తం ఊడదీసి మళ్ళీ కూర్చారు. పునాది నుంచి పైదాకా నిలిచే రెండు దూలాల్లో ఒకటి పుచ్చిపోతే కొత్త మాను వేశారు. ఇసే ఊళ్ళోని ఆలయాన్నయితే ఇరవై ఏళ్ళకోసారి పక్కస్థలంలో కొత్తగా కడతారు. 2013లో కట్టింది అరవై రెండోసారి. 2033లో మళ్ళీ. అలా కడుతూ ఉండబట్టే వడ్రంగం తండ్రి నుంచి కొడుక్కి అందుతోంది. ఇదంతా నేనే చెప్పాను. చెబుతుండగానే నా కేసు నేనే ఓడిపోతున్నానని తెలిసింది. కానీ మధ్యలో ఆపితే బాగుండదుగా!

"ఫోటో తీశావా?" అన్నారు పెదనాన్న.

"తీశాను."

"అయితే పాత పేపరు పరువు. ఒరేయ్ అబ్బాయ్, గోడ దగ్గర మొదలెట్టకు. శిఖరం నుంచి రా. కప్పులు వరుసగా తీసి వరుసగానే పెట్టు, లేకపోతే రేపు వెతుక్కోలేక చస్తాం."

మొదటి ముక్క ఆయనే తీశారు. కుడిచేత్తో. బిగించడంకన్నా ఊడదీయడం కష్టమట ఆ వేళ్ళకు. చాలాసేపే పట్టింది. నేను అద్దాల పెట్టె కొలతల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ప్రస్తుతం మా వరండాలో ద్వారక పదకొండు ఇళ్ళదాకా వచ్చింది. తెల్లముక్కలు బోలెడు మిగిలాయిగానీ ఎర్రవి లేవు. గోపురానికి ఏం చెయ్యాలో తాతా మనవలు తేల్చుకోలేక రెండు రోజులుగా మాట్లాడుకోవడం లేదు.