పాకీ పనిపై సుప్రీం తీర్పు: క్రెడిట్ ఎవరికి? ఒక్క పేరుతో సరిపెట్టేస్తున్నామా?

అనంతపురం అనగానే కరువు గుర్తొస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానకి కూడా గ్యారంటీ లేని నేల ఇది. ఇదే టౌన్‌లో ఒకప్పుడు 400 సీట్ల పబ్లిక్ పాకీదొడ్డి ఉండేది. నీళ్లు లేవు, ఫ్లష్ లేదు. వాడినవాళ్లు వెళ్లిపోయాక రేకుముక్క, చీపురు, బుట్ట పట్టుకుని ఆడవాళ్లే వచ్చి ఎత్తాలి. వాళ్లది ఏ కులమో వేరే చెప్పక్కర్లేదు.

అలాంటి దొడ్లు ఎలా పోయాయి? చాలామంది చెప్పే సమాధానం ఒకటే.. బెజవాడ విల్సన్. 2016లో రామన్ మెగసెసే అవార్డు అందుకున్న ఆయన కృషి నిజమే, పెద్దదే. కానీ కథ అక్కడితో అయిపోదు.

చట్టం అడిగింది మనమే

1993లో పార్లమెంటు పాకీ పనిని, డ్రై లెట్రిన్ల నిర్మాణాన్ని నిషేధించింది. ఇలాంటి చట్టం కావాలని తీర్మానం చేసిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయితే అమల్లోకి వచ్చింది 1997లో. ఆ తర్వాత కూడా చాలా ఊళ్లలో బుట్టలు ఆగలేదు. కాగితం మీద నేరం, మున్సిపాలిటీలో మామూలు పని!

కోర్టుకు వెళ్లింది ఎవరు?

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో ఇదే పని చేసే తెలుగు కుటుంబంలో పుట్టిన విల్సన్, 1986లో అధికారులకు ఉత్తరాలు రాయడంతో మొదలుపెట్టారు. తర్వాత ఆయనకు తోడుగా నిలిచినవాళ్లలో ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్.శంకరన్, దళిత హక్కుల నేత పాల్ దివాకర్ ఉన్నారు. అలా సఫాయి కర్మచారి ఆందోళన్ పుట్టింది. శంకరన్ పద్మభూషణ్ ఇస్తామన్నా తీసుకోలేదు.

2003 డిసెంబరులో ఈ సంస్థ సుప్రీంకోర్టులో పిటిషన్ వేసింది. ఇక్కడే అసలు విషయం ఉంది. పిటిషనర్లలో మరో ఆరు సంస్థలతో పాటు, ఆ వర్గానికే చెందిన ఏడుగురు వ్యక్తులు కూడా ఉన్నారు. 'మా రాష్ట్రంలో పాకీ పని లేదు' అని రాష్ట్రాలు అఫిడవిట్లు వేస్తుంటే, కార్యకర్తలు ఊరూరా తిరిగి ఫొటోలు, వివరాలు తెచ్చి కోర్టు ముందు పెట్టారు. బుట్ట ఎత్తే మనిషి 'అవును, నేనే చేస్తున్నా' అని ముందుకు రాకపోతే ఆ కేసు నిలబడేదే కాదు. అలా చెప్పడమంటే ఉన్న కూలి పోగొట్టుకోవడానికి సిద్ధపడటమే.

కేసు నడుస్తుండగానే 2013లో కొత్త చట్టం వచ్చింది. 2014 మార్చి 27న తీర్పు వెలువడింది. 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి రూ.10 లక్షలు ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని రూ.30 లక్షలకు పెంచింది.

పేరు ఎందుకు ముఖ్యం?

ఇది సన్మానాల గొడవ కాదు, డబ్బుల లెక్క కూడా. 2013, 2018 సర్వేల్లో ప్రభుత్వం గుర్తించింది 58,098 మందినే. గుర్తిస్తేనే రూ.40 వేల తక్షణ సాయం, రుణం, శిక్షణ. జాబితాలో పేరు లేదంటే ఆ మనిషి ఆ పని చేయనట్టే లెక్క! తన పేరుతో కోర్టుకెక్కిన మనిషిని మనం మర్చిపోతే, సర్వే చేసే ఉద్యోగి కూడా సులువుగానే మర్చిపోతాడు.

ఇంకో మాట. అనంతపురం లాంటి చోట 'నీళ్లు లేవు కాబట్టి పాత దొడ్లు' అనే వాదన ఉండేది. కానీ కరువు అందరిదీ అయినప్పుడు, బుట్ట మాత్రం ఒక్క కులం నెత్తి మీదే ఎందుకుంది? నీటి కొరత ఆ దొడ్డి ఎందుకుందో చెబుతుందేమో గానీ, దాన్ని ఎత్తేది ఎవరో చెప్పదు. అది చెప్పేది కులమే.

అందుకే ఈసారి ఎవరైనా ఈ తీర్పు గురించి మాట్లాడితే విల్సన్ పేరు చెప్పండి, శంకరన్ పేరు చెప్పండి. ఆ ఏడుగురిని, బుట్ట కిందపెట్టి సాక్ష్యంగా నిలబడ్డ ఆడవాళ్లని కూడా కలిపి చెప్పండి. గెలిచింది వాళ్లందరూ.