దీపమారిన ఆకాశగృహము

క్రొత్త యిల్లు కట్టినవారిని లోకము కొనియాడును. పాడువడిన యింటిని బాగుచేసి మరల దీపము పెట్టినవారిని తలచువారరుదు. అట్టివారి నిరువురిని గూర్చి యీ మాసమున ముచ్చటింపదలచితిమి.

సోవియట్టువారు 1982 ఏప్రిల్ 19వ తేదీన సల్యూట్-7 అను నివాసకేంద్రమును భూమిచుట్టును తిరుగునట్లు ఆకాశమునకు పంపిరి. 1984 జూలైలో స్వెత్లానా సవిత్స్కయా దాని వెలుపలికి వచ్చి లోహములను అతికెను. నౌక వెలుపల, అంతరిక్షమున పనిచేసిన తొలి స్త్రీ యామెయే.

1985 ఫిబ్రవరిలో, లోపల మనుష్యులెవ్వరును లేని సమయమున, ఆ కేంద్రము మూగవోయెను. భూమినుండి ఎంత పిలిచినను బదులు రాలేదు. నింగికిని నేలకును నడుమ త్రిశంకువువలె నిలిచిన ఆ గృహమును చక్కదిద్దుటకై వ్లదిమీర్ జానిబెకొవ్, విక్తర్ సవినిఖ్ అనువారు జూన్ 6న సోయజ్ టి-13 నౌకలో బయలుదేరిరి. మామూలుగా కేంద్రమిచ్చు సంకేతములను బట్టి నౌక దానిని చేరును. ఇప్పుడా సంకేతములు లేవు. సవిత్స్కయాతో కలిసి మునుపే యచట పనిచేసిన జానిబెకొవ్, కంటిచూపుతో నౌకను నడుపుచు 8వ తేదీన కేంద్రమునకు చేర్చెను.

తలుపు తీయగా లోపల కటికచీకటి. నీరు గడ్డకట్టియుండెను. చలిటోపీలు ధరించి చేతిదీపములతో వెదకిరి. బ్యాటరీలు నిండినవో లేదో తెలుపు చిన్న పరికరమొకటి చెడి, ఎండనుండి పుట్టిన విద్యుత్తు వానికి చేరకుండ చేసినదని తేలెను. తెచ్చుకొన్న త్రాగునీరు కొలది దినములకే చాలును. గాలి కదలనందున తాము విడిచిన యూపిరియే తమ చుట్టు నిలిచి తలనొప్పి కలిగించును. అయినను తొట్రుపడక, పనికివచ్చు బ్యాటరీలను ఏరి, సూర్యఫలకముల తీగలకు నేరుగా కలిపి, నౌకను త్రిప్పి ఫలకములను ఎండకు పట్టిరి. బ్యాటరీలు నిండెను, దీపములు వెలిగెను. పిదప గాలి మెదలెను, నీరు కరగెను. మంచు కరగి గోడలెల్ల తడియగా, ఆ వీరులిరువురును గుడ్డలు పట్టి తుడిచిరి.

అటుపిమ్మట 1986 వరకును ఆ గృహమున మనుష్యులు మసలిరి. 1991 ఫిబ్రవరి 7న అది భూమిపై కూలెను.

తుడుచుట, అతుకుట ఆడువారి పనియని చిన్నచూపు చూచు కుమారులు మన యిండ్లలో నున్నచో, వారికీ కథ వినిపింపుడు. విని ఊరకుండనీయక, చేతికి గుడ్డయు నీయుడు.